గాలి చొరని డబ్బా, చెమ్మ లేని సరుకు

వర్షాకాలం వచ్చిందంటే గృహిణికి వంటింట్లో రెండు బెంగలు. ఏడాదికి సరిపడా కొని ఉంచుకున్న కందిపప్పుకు పురుగు పడుతుందేమోనని ఒకటి. కష్టపడి దంచి పెట్టుకున్న ధనియాల పొడి, శొంఠి పొడి ఉండలు కట్టి వాసన పోతాయేమోనని మరొకటి. దీనికి విరుగుడుగా చాలామంది బజారులో దొరికే ఎయిర్‌టైట్ డబ్బాల సెట్టు కొని తెస్తారు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు మూతలు, చూడముచ్చటగా ఉంటాయి. అయితే ఆ సెట్టుకు వెచ్చించే సొమ్ములో సగానికి పైగా అనవసరమని మా అభిప్రాయం. వంటింటి సరుకులన్నిటికీ గాలి చొరని డబ్బా అక్కరలేదు. అవసరమైన నాలుగైదింటికి మాత్రం మూత నిజంగా బిగుతుగా ఉండాలి.

అంతకన్నా ముందు గ్రహించవలసిన విషయం ఒకటి ఉంది. గాలి చొరని మూత బయటి చెమ్మను లోపలికి రానీయదు. లోపలి చెమ్మను బయటికి పోనీయదు కూడా. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లోనే జరిగిన సంగతి ఇది. రెండు కిలోల వేరుశనగ గుండ్లను మేడమీద ఎండబోసి, మబ్బు పట్టేసరికి హడావిడిగా ఎత్తి, వేడివేడిగానే కొత్త ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత బిగించాము. మరునాడు చూస్తే మూత లోపలివైపు నీటి బిందువులు కనిపించాయి. అవే ఆరిపోతాయిలే అని ఊరుకున్నాము. పది రోజులకు తెరిస్తే ముక్కిన వాసన, గుండ్ల మీద పచ్చని బూజు. డబ్బాలో ఏ లోపమూ లేదు. అది తన పని తాను చక్కగా చేసింది.

ఆ గుండ్లను మళ్లీ ఎండబెట్టి, దోరగా వేయించి వాడుకోవచ్చునని మా బంధువులలో ఒక పెద్దావిడ సలహా ఇచ్చారు. చాలా ఇళ్లలో ఇదే అలవాటు. కానీ ఇది ప్రమాదకరం. వేరుశనగ, మొక్కజొన్న, ఎండుమిరప వంటి వాటిపై పెరిగే ఒక రకం బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి శరీరంలో చేరితే కాలేయ క్యాన్సర్‌కు దారితీయగలదు. మామూలు వంట వేడికి ఆ విషం పూర్తిగా నశించదు. 1974లో రాజస్థాన్, గుజరాత్‌లలో పక్కపక్కనే ఉన్న జిల్లాల పల్లెలలో, అకాల వర్షాలకు తడిసిన మొక్కజొన్నను నిల్వ చేసుకుని తిన్నవారికి కామెర్లు వచ్చాయి. 397 మంది జబ్బుపడగా వారిలో 106 మంది మరణించారు. దానికి కారణం ఈ విషమేనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1975లో వెల్లడించారు. కనుక బూజు పట్టినవి, చేదెక్కినవి, రంగు మారి ముడుచుకుపోయినవి పారవేయవలసిందే. మేము కూడా ఆ రెండు కిలోలూ మనసు చంపుకొని పారబోశాము.

కాబట్టి డబ్బా ఏదైనా, సరుకును ముందు బాగా ఎండబెట్టి, తరువాత నీడన పరచి పూర్తిగా చల్లార్చిన పిమ్మటనే పోయాలి. గింజను పంటి కింద వేసి కొరికితే టప్పున విరగాలి గాని మెత్తగా నలగకూడదు. డబ్బా కడిగిన తరువాత గుడ్డతో తుడిచి సరిపెట్టుకోరాదు. మూత మరలలోను, రబ్బరు చుట్టు కిందను నీరు దాగి ఉంటుంది. ఒక పూటంతా ఆరనివ్వాలి.

ఇక పురుగు సంగతి. అది బయటి నుంచి డబ్బాలోకి పాకి వస్తుందని అనుకుంటాము. నిజానికి చాలావరకు సరుకుతోనే ఇంటికి వస్తుంది. ముక్కు పురుగు బియ్యపు గింజను తొలిచి లోపలనే గుడ్డు పెడుతుంది. పెసలు, అలసందలను పుచ్చు పట్టించే పురుగు పొలంలో కాయల మీదనే గుడ్లు పెట్టగలదు. మూత బిగుతుగా ఉండి, డబ్బా నిండుగా ఉంటే లోపలి కొద్దిపాటి ప్రాణవాయువు అయిపోయి పురుగు వృద్ధి చెందలేదు. సగం ఖాళీ అయిన డబ్బాను రోజూ తెరుస్తూ ఉంటే మాత్రం ఎంత ఖరీదైన మూత అయినా ప్రయోజనం లేదు. నిల్వ డబ్బా వేరుగా, రోజువారీ వాడకానికి చిన్న డబ్బా వేరుగా ఉంచుకోవడం ఇందుకే. మన అమ్మమ్మలు కందిపప్పుకు కిలోకు ఒక చెంచా చొప్పున ఆముదం పట్టించి ఉంచేవారు. ఆ పద్ధతి నేటికీ పనికివస్తుంది, పైగా దానికి అయ్యే ఖర్చు స్వల్పం. బియ్యం, పప్పులకు ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాలే చాలును. ధాన్యపు గోదాములలో వాడే విషపు మాత్రలను మాత్రం ఇంటి డబ్బాలో ఎన్నడూ వేయకండి. వాటి నుంచి వెలువడే వాయువు మనుషులకూ ప్రాణాంతకమే.

గాలి చొరని డబ్బా నిజంగా కావలసింది పొడులకు, ఇంగువకు, కాఫీ పొడికి, వేయించిన వడియాలు, అప్పడాలకు. శార్ఙ్గధర సంహిత చూర్ణాలు రెండు నెలలకు హీనవీర్యమవుతాయని, గుళికలు, లేహ్యాలు ఏడాది వరకు గుణం నిలుపుకుంటాయని చెప్పింది. జీలకర్రను గింజగా ఉంచినప్పుడు దాని సుగంధ తైలం లోపల భద్రంగా ఉంటుంది. పొడి చేయగానే ఆ తైలం గాలికి ఎగిరిపోవడం మొదలవుతుంది. అందువలన త్రిఫల చూర్ణమైనా, మిరియాల పొడి అయినా నెలకు సరిపడా చేసుకుని, చిన్న సీసాలో అంచు దాకా నింపి ఉంచుకోవడం మేలు. కిలో పట్టే డబ్బాలో పావు కిలో పొడి పోస్తే మిగతా మూడు వంతులూ గాలే. పసుపు వెలుతురుకు రంగు వెలిసిపోతుంది కనుక దాని గాజుసీసాను అలమర లోపల ఉంచాలి.

పొడులకు గాజుసీసాను మించినది లేదు. అందుకు డబ్బు పెట్టనక్కరలేదు కూడా. కాఫీ పొడి, జామ్, తేనె కొన్నప్పుడు వచ్చే మరమూతల సీసాలను కడిగి ఎండలో ఆరబెడితే చాలు. పచ్చడి సీసాల మూతలు లోపల తుప్పు పట్టి ఉంటే వాడరాదు. ప్లాస్టిక్ డబ్బాలు తేలిక, చవక. కాని ఇంగువ, మసాలా వాసనలను పీల్చుకుంటాయి. ఒకసారి ఇంగువ పోసిన ప్లాస్టిక్ డబ్బా ఇక ఇంగువకే అంకితం. ఆహార పదార్థాల కోసం తయారైనవే కొనాలి. రంగుల డబ్బాలు, మందుల డబ్బాలు ఎంత శుభ్రంగా కనిపించినా వంటింటికి తేకూడదు. ఉప్పు, చింతపండులకు లోహపు డబ్బా పనికిరాదు. వాటికి జాడీయే తగినది.

డబ్బా కొనేటప్పుడు మూత బిగించి, చెంప దగ్గర పెట్టుకుని పక్కలు నొక్కి చూడండి. గాలి తగిలితే దానిని అక్కడే వదిలేయండి. ఇంట్లో ఉన్నవాటిని పరీక్షించడానికి మరొక ఉపాయం ఉంది. వానల రోజులలో ఒక అప్పడం వేయించి, ఒక్కో డబ్బాలో ఒక్కో ముక్క వేసి మూత పెట్టండి. ఒక ముక్కను పళ్లెంలో బయటనే ఉంచండి. బయటిది సాయంత్రానికే మెత్తబడుతుంది. నాలుగు రోజుల తరువాత ఏ డబ్బాలోని ముక్క ఇంకా కరకరలాడుతుందో ఆ డబ్బాను పొడులకు కేటాయించండి. మెత్తబడినదానిని పప్పుకో, బియ్యానికో వాడుకోండి. మా ఇంట్లో ఈ పరీక్షలో నెగ్గినది ఖరీదైన సెట్టులోని డబ్బా కాదు, పదేళ్ల నాటి కాఫీ సీసా.

మూత వదులైన డబ్బాను వెంటనే పారవేయనక్కరలేదు. చాలావాటిలో లోపం మూతలోని రబ్బరు చుట్టుదే. దానిని ఊడదీసి, కింద పేరుకున్న పిండిని తుడిచి, తిరగవేసి అమర్చితే తరచుగా మళ్లీ బిగుస్తుంది. గట్టిపడి బీటలు వారితే ఆ కొలతకు సరిపడే చుట్టు పాత్రల దుకాణంలో దొరుకుతుందేమో అడిగి చూడండి.