కిటికీలకు నల్ల కాగితం ఎందుకు?

విశాఖలో తొంభై దాటిన తాతయ్యలు చిన్నప్పుడు యుద్ధ విమానాల మోత విన్నవాళ్లే. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి.

అప్పటి పైలట్లు ఎక్కువగా కంటిచూపుతోనే ఊళ్లను గుర్తుపట్టేవారు. చీకట్లో ఊరి దీపాలే వాళ్లకు ఆనవాలు. అందుకే వెలుగు బయటికి పొక్కకుండా కిటికీలకు నల్ల కాగితం, వీధి దీపాలకు ముసుగులు! అద్దాల మీద అడ్డంగా, నిలువుగా అంటించే కాగితం పట్టీల పని వేరు. బాంబు ధాటికి గాజు పగిలినా పెంకులు ఎగిరి గుచ్చుకోకుండా అవి పట్టి ఉంచుతాయి. సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం. ఒకే తీరుగా మోగితే గండం గడిచినట్టు.

ఇంత చేస్తే, విశాఖ మీద బాంబులు పడింది పట్టపగలు! వాటిలో పేలనిది ఒకటి బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. చూసి రండి.