పడవలు వెళ్లిపోయాక బకింగ్‌హామ్ కాలువ

చెన్నై బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి వెళ్లే లోకల్ రైలు చేపాక్ దాటాక మిద్దెల ఎత్తున సాగుతుంది. తిరువల్లిక్కేణి, లైట్‌హౌస్, తిరుమయిలై... ఒకదాని వెనక ఒకటి స్టేషన్లు వస్తుంటే, కిటికీలోంచి కిందికి చూసినవాళ్లకు కాంక్రీటు స్తంభాల నడుమ నల్లటి నీళ్లు కనిపిస్తాయి. ఎవరైనా దాన్ని మురుగు కాలువ అనే అనుకుంటారు. ఇప్పుడది మురుగు కాలువే. కానీ కృష్ణా, గోదావరి డెల్టాల ధాన్యం చెన్నపట్నం చేరిన నీటి దారి కూడా అదే.

నడి నగరంలో రైలు మార్గానికి స్థలం సేకరించడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. కాలువ అయితే సర్కారుదే, అడ్డుపడేవాళ్లుండరు. అందుకే స్తంభాలు తీసుకెళ్లి అందులోనే దించారు. 1995లో రైలు చేపాక్ దాకా, 1997లో మైలాపూర్ దాకా వచ్చింది. ఆ కట్టడాల కింద కాలువ కొన్నిచోట్ల పది మీటర్ల కంటే ఇరుకైపోయింది.

చెన్నైలో ఉన్నది దీని పొడవులో చిన్న ముక్క మాత్రమే. బకింగ్‌హామ్ కాలువ బాపట్ల జిల్లా పెదగంజాం దగ్గర మొదలై తమిళనాడులోని మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు సాగుతుంది. అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. సముద్రానికి సమాంతరంగా, చాలాచోట్ల అలల హోరు వినిపించేంత దగ్గరగా వెళుతుంది. పెదగంజాం దగ్గర దీనికి కొమ్మమూరు కాలువ తోడవుతుంది. అక్కణ్నుంచి కృష్ణ, ఆపైన ఏలూరు కాలువ, గోదావరి, కాకినాడ కాలువ. అన్నీ కలిపితే కాకినాడలో ఎక్కిన సరుకు సముద్రం మొహం చూడకుండా పుదుచ్చేరి వైపు వెళ్లగలిగేది. ఉత్తరాన ఉన్నవి పొలాలకు నీరిచ్చే మంచినీటి కాలువలు. పెదగంజాం దాటితే ఉప్పునీరు. ఒక్క ఎకరం తడపడానికీ పనికిరాని ఈ కాలువను తవ్వింది పడవల కోసమే.

మొదలైంది చిన్నగానే. మద్రాసు నుంచి ఎన్నూరు దాకా పద్దెనిమిది కిలోమీటర్ల ముక్క 1806లో సిద్ధమైంది. బాసిల్ కాక్రేన్ అనే వ్యాపారి పెట్టుబడి పెట్టాడు కాబట్టి దాన్ని కాక్రేన్ కాలువ అన్నారు. పట్నానికి కట్టెలు కావాలి, ఉప్పు కావాలి. ఇసుక దిబ్బల మీద ఎడ్లబండి ఒక్కటి లాగే బరువుకీ, నీటి మీద ఒక్క పడవ మోసే బరువుకీ పోలికే లేదు. 1837లో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుని పులికాట్ సరస్సు మీదుగా ఉత్తరానికి పొడిగిస్తూ పోయింది. ఆ దారిలో తగిలే దుగరాజపట్నం ఇంగ్లిష్‌వాళ్లకు పాత చోటే. మద్రాసు పుట్టక ముందే, 1620ల్లో, వాళ్లు అక్కడ వర్తక కేంద్రం పెట్టుకున్నారు.

ఇక కాలువకు పేరిచ్చిన డ్యూక్ సంగతి. 1875 నుంచి 1880 దాకా మద్రాసు గవర్నర్‌గా ఉన్న బకింగ్‌హామ్ డ్యూక్ పూర్తి పేరు రిచర్డ్ ప్లాంటాజెనెట్ క్యాంప్‌బెల్ టెంపుల్-నుజెంట్-బ్రిడ్జెస్-చాండోస్-గ్రెన్‌విల్. కాలువకు పెట్టాలంటే కుదించక తప్పేది కాదు. ఆయన హయాంలోనే 1876లో వానలు మొహం చాటేశాయి. ధాత నామ సంవత్సరం కాబట్టి తెలుగునాట అది ధాత కరువు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. తిండి దొరుకుతుందని జనం మద్రాసు దారి పట్టారు. బ్రిటిష్ పాలనలోని ప్రాంతాల్లోనే యాభై ఐదు లక్షల మంది చనిపోయారని అంచనా.

కరువు పని కింద నగరంలో అడయారు, కూవం నదులను కలుపుతూ ఎనిమిది కిలోమీటర్ల కాలువ తవ్వించారు. నగరానికి ఉత్తరాన ఉన్న కాలువకూ దక్షిణాన ఉన్న కాలువకూ మధ్య తెగి ఉన్న లంకె అదే. ఆ రోజుల్లో కరువు కూలీ మీద పెద్ద గొడవ నడిచింది. వైస్రాయ్ లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజంతా పనిచేసిన మగవాడికి 450 గ్రాముల గింజలు, ఒక అణా చాలన్నాడు. ఆడవాళ్లకూ పిల్లలకూ ఇంకా తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ అది ప్రాణం నిలపదని, కనీసం 680 గ్రాముల గింజలు, వాటితోపాటు పప్పో కూరో ఉండాలని వాదించాడు. 1877 మార్చిలో కూలీని కొంత పెంచారు. 1878లో కాలువకు డ్యూక్ పేరు పెట్టారు. ఇవాళ లోకల్ రైలు వెళుతున్నది చాలామేరకు ఆ కరువు కూలీలు తవ్విన ముక్క మీదే. అక్కడ వాళ్లను గుర్తుచేసే ఫలకం ఒకటి పెట్టడానికి ఇప్పటికైనా పెద్ద ఖర్చవదు.

ఈ కాలువలో నదిలాంటి ప్రవాహం లేదు. నదీముఖాల్లోంచి పోటు వచ్చినప్పుడు నీళ్లు ఎక్కుతాయి, తగ్గినప్పుడు దిగుతాయి. దారికి అడ్డంగా గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు, పెన్న, స్వర్ణముఖి వస్తాయి. నదికి వరదొస్తే దాంతోపాటు ఒండ్రు వచ్చి కాలువ పూడిపోతుంది. అందుకే నది దాటే చోట్ల లాకులు కట్టారు. లాకు అంటే రెండు రాతి గోడలు, మధ్యలో పడవ పట్టేంత గది, రెండు చివరలా బరువైన తలుపులు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపులు మూస్తారు. ముందు తలుపులకున్న తూము ఎత్తితే గదిలో నీరు అవతలి మట్టానికి చేరుతుంది. అప్పుడు ముందు తలుపులు తెరుచుకుంటాయి. రెండు వైపులా నీరు సమంగా లేకపోతే ఎంతమంది నెట్టినా ఆ తలుపు కదలదు. వరద రోజుల్లో లాకులు మూస్తే, నది తీసేదాకా పడవలకు ఎదురుచూపే.

ఈ పాత కట్టడాల్లో మొదట పోయేవి తలుపులు. కర్ర చివుకుతుంది, ఇనుమును ఉప్పుగాలి తినేస్తుంది. రాతి గోడలు మాత్రం మొండిగా నిలబడతాయి. గోడ అంచున నిలువునా గుండ్రంగా చెక్కిన గాడి కనిపిస్తే, తలుపు ఇరుసు తిరిగింది అక్కడే. గట్టు కూడా చూడాల్సిందే. గాలి ఉంటే తెరచాప, లోతు తక్కువైతే గడ, రెండూ కుదరకపోతే తాడు. పడవకు తాడు కట్టి గట్టు మీద మనుషులు నడుస్తూ లాగేవాళ్లు. కాలువ పక్కన సన్నగా, తిన్నగా సాగే బాట ఎక్కడైనా మిగిలి ఉంటే, అది చాలావరకు వాళ్ల నడకకోసం వేసిందే.

సరుకుల్లో పెద్దది ఉప్పు. చినగంజాం నుంచి నెల్లూరు తీరం దాకా ఉప్పు మడులు కాలువను ఆనుకునే ఉండేవి. కొఠార్లలో పోసిన ఉప్పు పడవలకెక్కి పట్నం వెళ్లేది. 1930 ఉప్పు సత్యాగ్రహంలో ప్రకాశం పంతులు పేరుతో ముడిపడిన దేవరంపాడు ఈ తీరప్రాంతంలోదే. మద్రాసులో సాల్ట్ కొటార్స్ అని రైల్వే గూడ్స్ యార్డుకు పేరుంది. పక్కనే బేసిన్ బ్రిడ్జ్ స్టేషన్. ఆ బేసిన్ ఈ కాలువదే. విజయవాడ నుంచి వచ్చే రైళ్లు సెంట్రల్‌కు ముందు చివరగా నెమ్మదించేది అక్కడే కాబట్టి, తెలుగు ప్రయాణికులకు ఆ పేరు కంఠతా వచ్చు.

ఉప్పు తర్వాత కట్టెలు. పులికాట్ సరస్సు తూర్పు అంచున కాలువ శ్రీహరికోటను రాసుకుంటూ వెళుతుంది. ఇప్పుడు రాకెట్లు ఎగిరే ఆ దీవి, ఇస్రో రాకముందు, మద్రాసు పొయ్యిల్లోకి కట్టెలు పంపిన అడవి. నెల్లూరు తీరపు సరుగుడు తోటల కలపా, సున్నం కాల్చడానికి పులికాట్ గుల్లా ఈ దారినే వెళ్లాయి. మనుషులూ వెళ్లేవాళ్లు. తమిళ కవి భారతిదాసన్ 1934లో మిత్రులతో మహాబలిపురానికి పడవలో వెళ్లి ఆ ప్రయాణం మీద కవిత రాశాడు.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మద్రాసు, విజయవాడల మధ్య రైలు నడవడంతో తొందర సరుకు అటు పోయింది. ఆ తర్వాత లారీలొచ్చాయి. అయినా బరువు ఎక్కువ, విలువ తక్కువ సరుకుకు పడవ చౌక కాబట్టి కాలువ చాలాకాలం బతికింది. 1965, 66 తుపాన్లకు గట్లు తెగి, పూడిక చేరింది. బాగుచేయించే ఆసక్తి అప్పటికే సన్నగిల్లింది.

వదిలేసిన కాలువ అనడం సగం నిజమే. దీన్ని వదిలింది పడవలు. మిగతావాళ్లెవరూ వదల్లేదు. 1990ల్లో రొయ్యల చెరువులు తీరమంతా పరుచుకున్నప్పుడు ఉప్పునీటికి ఈ కాలువే ఆధారమైంది. చెరువుల్లోంచి వదిలే మురికినీటికీ ఇదే దిక్కు. తీరంలో విచ్చలవిడి రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పిచ్చింది గానీ చెరువులు పోలేదు. ఎన్నూరు ప్రాంతంలో థర్మల్ కేంద్రాల బూడిద వచ్చి చేరింది. చెన్నైలో మురుగు సరేసరి. కాలువ అడుగున పడవ జ్ఞాపకం కంటే బూడిదా మురికీ ఎక్కువ మందాన ఉన్నాయి.

ఒక్క పూట మాత్రం ఇది ఎవరూ అడగని మేలు చేసింది. 2004 డిసెంబరు 26 ఉదయం సునామీ తీరం మీదికి ఎక్కినప్పుడు, ఆంధ్ర తీరంలో చాలాచోట్ల ఆ నీరు ముందు ఈ కాలువలో పడింది. కాలువ నిండింది, కొన్నిచోట్ల పొర్లింది. లోపలి ఊళ్ల మీదికి వెళ్లే ఉధృతి తగ్గి, కాసేపటికి నీరు వెనక్కు మళ్లింది. పూడిక నిండిన కాలువే అంత చేసింది.

2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను, గోదావరి, కృష్ణలలో కొంత భాగాన్ని కలిపి 1,078 కిలోమీటర్ల నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పనులు ముందు కృష్ణలో ముక్త్యాల, విజయవాడల మధ్య 82 కిలోమీటర్లలో తలపెట్టారు. 2017 అక్టోబరులో ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు శంకుస్థాపన చేశారు. అక్కడైతే నీరుంది, వెడల్పుంది. బకింగ్‌హామ్ వంతు రావాలంటే ముందు పూడిక తీయాలి, ఆక్రమణలు తొలగించాలి, లాకులు కొత్తగా కట్టాలి. వీటన్నిటికీ డబ్బు పెడితే మార్గం దొరుకుతుంది. వంతెనల సంగతే వేరు. పడవలు తిరగని రోజుల్లో కట్టిన వంతెనల్లో చాలావాటి కింద సరుకు పడవ పట్టేంత ఎత్తు లేదు. కాలువకూ సముద్రానికీ మధ్యనున్న మత్స్యకార పల్లెలకు ఆస్పత్రికెళ్లాలన్నా, చేపల బండి రావాలన్నా, తుపాను హెచ్చరికకు ఊరు ఖాళీ చేయాలన్నా ఆ వంతెనే దారి. పడగొట్టి ఎత్తుగా కట్టేదాకా వాళ్లు ఎటునుంచి వెళ్లాలో జలమార్గం లెక్కల్లో ముందే రాసుకోవాలి.