కాలవ చివరి పేటలో దోమలు

కృష్ణ గట్టున కొల్లిపర. చుట్టూ అరటి, పసుపు, కంద తోటలు, వరిచేలు. ప్రకాశం బ్యారేజీ నుంచి దిగే కాలవలే ఈ నేలకు ప్రాణం. అవే నీళ్ళు పల్లంలో నిలిచిపోతే దోమలకు పండగ. డెల్టాలో ఏ ఊరు చూసినా పల్లంలో ఉండేది చాలావరకు కూలోళ్ళ పేటే.

నాట్ల రోజుల్లో పది రోజులు జ్వరంతో మంచాన పడితే ఆ సీజను కూలి పోయినట్టే. బోదకాలు వచ్చినవాళ్ళ సంగతి మరీ కష్టం. బురదలో నిలబడితే కాలి పగుళ్ళలోంచి క్రిములు చేరి వాపూ జ్వరమూ తిరగబెడతాయి. చివరికి ముఠాలోకి పిలవడమే మానేస్తారు. రోజూ సబ్బుతో కాలు కడిగి తడి లేకుండా తుడుచుకుంటే ఆ జ్వరాలు చాలా తగ్గుతాయి. ఈ ముక్క పేటకొచ్చి చెప్పినవాళ్ళెందరు?

దోమలన్నీ ఒకటి కాదు. బోదకాలు దోమ మురుగులో పుట్టి రాత్రి కుడుతుంది. డెంగీ దోమ తొట్లలో, పాత టైర్లలో నిలిచిన నీళ్ళలో పుట్టి పగలు కుడుతుంది. మెదడువాపు దోమ వరిచేలో పుట్టి, పందుల నుంచి, కొంగల నుంచి జబ్బును పిల్లలకు మోస్తుంది.

మలేరియా క్రిమిని దోమ కడుపులో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఆయనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. దోమలచేత కుట్టించుకున్న రోగి హుస్సేన్ ఖాన్‌కు దోమకు అణా చొప్పున ముట్టింది. (కూలి రేటు అప్పుడూ అంతే!) 1953లో దేశమంతటా డీడీటీ కొట్టడం మొదలుపెట్టారు. 1965 నాటికి మలేరియా కేసులు లక్షకు దిగాయి. తర్వాత నిఘా సడలింది, దోమ మందుకు తట్టుకోవడం నేర్చింది. 1976లో 64 లక్షల కేసులు!

పొగమందు ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్ళలోని పురుగు జోలికి పోదు. అది కూడా మనదాకా రాదు. ఒక ఊళ్ళో పొగబండి పెద్దబజారు చుట్టి, పేట మలుపులోనే వెనక్కి తిరిగింది. ఏమయ్యా అంటే దారి బాలేదన్నాడు. ఓట్లకు జీపులొచ్చిన దారే అది.

గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి తొట్లు, కుండలు తోమి ఆరబెట్టాలి. ఆ పని మనమే చేసుకుందాం. అయితే కుళాయి రోజూ వస్తే నీళ్ళు నిలవేసే ఖర్మ ఎందుకు? మురుక్కాలవకు వాలు, చివర దారి, మడుగుల్లో గంబూసియా చేపలు - ఇవి మన చేతిలో లేవు. 1994 పంచాయతీరాజ్ చట్టం పారిశుధ్యం బాధ్యత పంచాయతీమీదే పెట్టింది. వచ్చే గ్రామసభకు పేట మొత్తం కదలాలి, ఆడవాళ్ళు ముందుండాలి. మురుక్కాలవ పని తీర్మానం పుస్తకంలో రాసేదాకా లేచి రావద్దు.