మొగతనం మాట కాదబ్బా, నెత్తురు దారి మాట

తిరపతి బస్టాండు చుట్టుపక్కల గోడల మింద "మగతనం గ్యారంటీ" కాయితాలు చూడని పిలకాయ ఉండడు. మా పక్కూరి మామిడి రైతు ఒకాయన, నలభై రెండేండ్లు, ఆ కాయితం పట్టుకోని లాడ్జీలో కూర్చున్న వైద్యుడి తావకి పోయినాడు. ఇరవై వేలు పోసి లేహ్యం తెచ్చుకున్నాడు. పెండ్లానికి చెప్పలా, నాకూ చెప్పలా. ఏడాదిన్నరకి గుండెపోటు. ఆస్పత్రి మంచం మింద చెప్పినాడు, "ముందే తెలిసుంటే గదన్నా" అని. అందుకే సిగ్గిడిసి రాస్తా ఉండా.

అంగం గట్టిపడేది నెత్తురు నిండితేనే. ఆడికి పోయే నాళం ఒకటి రెండు మిల్లీమీటర్లు. గుండె నాళం మూడు నాలుగు. డ్రిప్పు వేసినోళ్లకి తెలుసు, పాచి పడితే ముందు మూసుకునేది సన్న పైపే. షుగరు, బీపీ, కొవ్వు, బీడీ నాళాల్ని చెడగొడితే చానామందికి మొదట ఈడే తెలుస్తాది. గుండెకి రెండు మూడేండ్ల ముందొచ్చే హెచ్చరిక అది.

మరి ఆపరేషన్ లేదా? ఉండాది, రెండు రకాలు.

ఒకటి, పొట్ట గోడలోని నాళాన్ని దింపి అంగం నాళానికి కుట్టేది. ఇట్లాంటి ఆపరేషన్లకి 1973లో ప్రాగ్ నగరంలో వాక్లావ్ మిహాల్ అనే డాక్టరు దారి తీసినాడు. ఇది అందరికీ పనికిరాదు. బైకు ప్రమాదంలోనో, కటి ఎముక విరిగో ఒక్క తావే నాళం దెబ్బతిన్న వయసోళ్లకి, అదీ షుగరు, పొగ అలవాటు లేనోళ్లకే. ఒళ్లంతా నాళాలు చెడితే కుట్టిందీ నిలవదు.

రెండోది ఇంప్లాంటు. లోపల కడ్డీలో, నీళ్లు నింపుకునే గొట్టాలో పెడతారు. ముంబై డాక్టర్ రూపిన్ షా పేరుతో మన దేశపు కడ్డీ కూడా ఉండాది. అయితే ఒకసారి పెడితే సొంతంగా గట్టిపడే గుణం పోతాది. కాబట్టి మాత్రలు, ఇంజక్షన్లు పనిచెయ్యనప్పుడే దాని వంతు.

మాత్ర గూడా మెడికల్ షాపులో అడిగి మింగేది కాదు. గుండెనొప్పికి సార్బిట్రేట్ వాడేటోడు వయాగ్రా మింగితే బీపీ పడిపోయి ప్రాణమే పోవచ్చు.

ముందు మీ ఊరి పీహెచ్‌సీలో షుగరు, బీపీ చూపించుకో. ఆపైన తిరపతి స్విమ్స్‌లో యూరాలజీ విభాగం ఉండాది, డాప్లర్ పరీక్షలో నెత్తురు పారకం తేలుతాది.

లైంగిక శక్తి పెంచుతామని మందుకు ప్రకటన వేసేది 1954 చట్టం కింద నేరం. సిగ్గుపడాల్సింది గోడకి కాయితం అంటించినోడు. నువ్వు కాదబ్బా.