పాత సైకిలుకు ప్రాణం పోద్దాం – పాత రంగు పోగొట్టకుండా

సైకిలుతో పని పడని ఇల్లు మన ఊళ్ళలో ఉండదు. పాలక్యాన్లు, గడ్డిమోపులు, బడికి వెళ్ళే పిల్లలు... అన్నింటినీ మోసింది సైకిలే. అయితే ఈ వ్యాసంలో మేము చెప్పబోయేది ఆ బరువు సైకిలు గురించి కాదు. దానికి దూరపు చుట్టమైన ఒక తేలిక సైకిలు గురించి. ఇంగ్లండులో 1930ల నుంచి 1960ల వరకు చిన్న చిన్న వర్క్‌షాపుల్లో చేతిపనితో తయారైన ఈ సైకిళ్ళను అక్కడ 'లైట్ వెయిట్' అని పిలుస్తారు. నేడు అవి అరుదు. అలాంటి సైకిలు ఒకటి దుమ్ముపట్టి, తుప్పుపట్టి దొరికితే, దాని మీది మొదటి రంగు చెరగకుండా మళ్ళీ రోడ్డెక్కించడం ఎలా? ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం చదువుతున్న మాకు తుప్పు అనే మాట ఎక్కడ కనిపించినా ఆగి చదవడం అలవాటు. అలా చదివి, సైకిలు షాపుల పనివారిని అడిగి తెలుసుకున్న సంగతులను తోటి విద్యార్థులతో పంచుకుంటున్నాము.

లైట్ వెయిట్ అంటే ఏమిటి?

మన మామూలు సైకిలు సుమారు 20 కిలోలు తూగుతుంది. లైట్ వెయిట్ అందులో సగానికి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రహస్యం గొట్టాల్లో ఉంది. బర్మింగ్‌హామ్‌కు చెందిన రేనాల్డ్స్ సంస్థ 1897లోనే ఒక పద్ధతికి పేటెంటు పొందింది. గొట్టం చివరలు మందంగా, మధ్యభాగం పల్చగా ఉంటుంది. అతుకు పడేచోట బలం, మిగతా చోట తేలిక. 1935లో అదే సంస్థ మాంగనీసు, మాలిబ్డినం కలిసిన ఉక్కుతో '531' అనే గొట్టాలను తెచ్చింది. ఆ ఫ్రేము మీద అంటించే చిన్న '531' ముద్రను అక్కడివారు నేటికీ గౌరవంగా చూస్తారు.

మనకు దీనితో బంధుత్వం లేకపోలేదు. రేనాల్డ్స్ సంస్థ 1928లో ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అనే పెద్ద కంపెనీలో చేరింది. అదే కంపెనీ భాగస్వామ్యంతో 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ మొదలైంది. మన తాతలు, తండ్రులు తొక్కిన హెర్క్యులెస్ అక్కడిదే.

ఈ సైకిళ్ళను ధనవంతులే కొన్నారనుకుంటే పొరపాటు. 1890లలో బ్రిటన్ సైకిలు సంఘం రోడ్ల మీద గుంపు పందేలు వద్దంది. అప్పుడు క్లబ్బుల వారు తెల్లవారుజామున ఒక్కొక్కరుగా బయలుదేరి గడియారంతో పోటీపడే పద్ధతిని పట్టుకున్నారు. ఆ క్లబ్బుల్లో ఫ్యాక్టరీ కార్మికులు, గుమస్తాలు ఎందరో ఉండేవారు. వారమంతా పనికి తొక్కిన సైకిలునే ఆదివారం మడ్‌గార్డులు, లైటు విప్పేసి పందెంలో తొక్కేవారు. పందెం చక్రాలను ముందు చక్రానికి రెండు వైపులా బిగించుకొని అక్కడిదాకా వెళ్ళేవారు. లండన్‌లోని టాటెన్‌హామ్‌లో హైమన్ హెచిన్ అనే ఆయన దుకాణం నుంచి వచ్చిన సైకిళ్ళ వెనుక గొట్టాలు పాములా వంపు తిరిగి ఉంటాయి. గొట్టాలు కలిసేచోట తొడిగే లగ్గులను ఆకురాయితో అరగదీసి తీగల్లా, ఆకుల్లా మలిచేవారు. ఆ అంచుల వెంబడి సన్నని బంగారు గీతను కుంచెతో గీసేవారు.

అసలు రంగు ఎందుకు ముఖ్యం?

సైకిలు పాతబడితే మనకు తోచే మొదటి ఆలోచన 'కొత్త రంగు వేయిద్దాం' అనే. గరుకు కాగితంతో రుద్ది, రంగు కొడితే అర పూటలో మెరుస్తుంది. కానీ లైట్ వెయిట్ విషయంలో ఆ మెరుపు ఖరీదు చాలా ఎక్కువ. ఫ్రేముకు రంగు ఎన్నిసార్లయినా వేయవచ్చు, మొదటి రంగు మాత్రం ఒక్కసారే ఉంటుంది.

ఆ రంగులో సమాచారం ఉంటుంది. ముందు ఫోర్కు మీది గీత లైటు బిగించిన గుర్తు. ఇరుసు దగ్గర ఒరిపిడి పందెం చక్రాలను మోసిన గుర్తు. పై గొట్టం మీద రంగు అరిగిన చోటు, గోడకు ఆనించి నిలబెట్టిన వేల రోజుల గుర్తు. గరుకు కాగితం ఇవన్నీ తుడిచేస్తుంది. గీతలు గీసిన పనివాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. అతను మిగిల్చి వెళ్ళింది ఆ గీత ఒక్కటే. అందుకే మురికి వేరు, చరిత్ర వేరు అని ముందుగా గుర్తించాలి. మురికిని తీయాలి, చరిత్రను ఉంచాలి. ఈ పని మొత్తానికీ ఇదే సూత్రం.

ముందు చదవాలి, తర్వాత విప్పాలి

స్పానరు పట్టేముందు సైకిలును అన్ని వైపుల నుంచి ఫోటోలు తీయాలి. ఏ నట్టు ఎక్కడిదో, ఏ వాషరు ఏ వైపుదో నోటు పుస్తకంలో రాసుకోవాలి. విప్పిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి విడివిడి సంచుల్లో పెట్టాలి. పెడళ్ళ ఇరుసు గూడు కింద, లేదా సీటు గొట్టం దగ్గర ఫ్రేము నంబరు ఉంటుంది. నాటింగ్‌హామ్‌లో తయారైన స్టర్మీ-ఆర్చర్ 3 గేర్ల హబ్బు ఉంటే దాని పైభాగాన తయారైన ఏడాది అంకెలు చెక్కి ఉండవచ్చు. '51' అని ఉంటే ఆ హబ్బు 1951 నాటిది. అయితే చక్రం తర్వాత మార్చి ఉండవచ్చు కనుక ఒక్క హబ్బును బట్టి సైకిలు వయసు తేల్చరాదు. ఫ్రేము, హబ్బు, బ్రేకులు మూడూ ఒకే మాట చెబుతున్నాయా అని చూడాలి.

కడగడం ఎలా?

గోరువెచ్చని నీటిలో రెండు చుక్కల మెత్తని సబ్బు, ఒక నూలుగుడ్డ. మొదట ఇవి చాలు. ఏ పదార్థం వాడినా ముందుగా ఎవరికీ కనిపించని చోట, అనగా పెడళ్ళ గూడు కింద, వేలిగోరంత మేర పరీక్షించాలి. గుడ్డకు రంగు అంటితే అక్కడే ఆపాలి. కంపెనీ పేరు ముద్రలు చాలా సున్నితం. పెట్రోలు, థిన్నరు తగిలితే నిమిషాల్లో లేచిపోతాయి. కిరసనాయిలు చైనుకు, బాల్సుకు మంచిదే, ముద్రల దగ్గరకు మాత్రం రానివ్వరాదు. కారు షాపుల్లో దొరికే రుద్దుడు పాలిష్ కూడా రంగును పొరపొరగా కోసేస్తుంది. వెండి పూత మీద పారదర్శకమైన రంగు వేసిన ఫ్రేములైతే మరీ జాగ్రత్త. పై పొర పోతే వెండి తేలుతుంది.

తుప్పు సంగతి

ఇనుము, నీరు, ప్రాణవాయువు కలిస్తే తుప్పు. ఇందులో ఏ ఒక్కటి దూరమైనా తుప్పు ఆగిపోతుంది. కాబట్టి తుప్పునంతా గీకి పారేయడం కంటే, వదులుగా ఉన్నది తీసి, మిగిలినచోటికి తేమ చేరకుండా చేయడం మేలు.

రంగు మధ్య చుక్కలుగా ఉన్న తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం పనికివస్తుంది. లీటరు నీటికి సుమారు 30 గ్రాములు, అనగా 3 శాతం ద్రావణం. ఇది ఇనుప ఆక్సైడుతో కలిసి నీటిలో కరిగే సమ్మేళనంగా మారుతుంది. చుట్టూ ఉన్న రంగును సాధారణంగా ముట్టదు, అయినా ముందు పరీక్ష తప్పదు. దూదితో చుక్కల మీద అద్ది, కొంతసేపటికి మంచినీటితో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే పసుపుపచ్చని మడ్డి పేరుకుంటుంది. ఈ ఆమ్లం విషం. చేతి తొడుగులు తప్పనిసరి. పిల్లలకు అందనిచోట, పేరు రాసిన సీసాలోనే ఉంచాలి.

క్రోమియం పూత ఉన్న భాగాలకు ఒక సులువైన ఉపాయం ఉంది. అల్యూమినియం రేకు కాగితాన్ని ఉండగా నలిపి, నీటిలో ముంచి మెల్లగా రుద్దాలి. అల్యూమినియం క్రోమియం కంటే మెత్తన. కనుక తుప్పు లేస్తుంది గాని పూత గీరుకుపోదు.

చివరగా మైనం. మ్యూజియంలలో లోహ వస్తువులకు వాడేది ఇదే. పల్చగా పూసి గుడ్డతో తుడిస్తే రంగు లోతుగా కనిపిస్తుంది, తేమ చేరదు. అవసరమైతే తర్వాత తీసేయవచ్చు. చేసిన పనిని రేపు మరొకరు వెనక్కి తీసుకోగలగాలి అనేది మ్యూజియం వారి నియమం. రంగు పోయిన గుంటల్లో కొత్త రంగు వేయక తప్పకపోతే ఆ గుంట వరకే వేయాలి. పాత రంగు అంచు దాటకూడదు. ఎక్కడ వేసిందీ పుస్తకంలో రాయాలి.

ఎక్కడ రాజీ పడకూడదు?

రంగు విషయంలో పాతదనం గౌరవమే. ప్రాణం విషయంలో కాదు. బాల్సు, కోన్లు విప్పి కడిగి కొత్త గ్రీసు పెట్టాలి. బాల్సు అరిగితే మార్చాలి. బ్రేకు తీగలు, బ్రేకు రబ్బర్లు, టైర్లు, ట్యూబులు కొత్తవే వేయాలి. అల్యూమినియం హ్యాండిలు ఏళ్ళ తరబడి వంగి వంగి అలసిపోతుంది. పగులు కనిపిస్తే తొక్కరాదు. కొత్తది బిగించి, పాతదాన్ని గుడ్డలో చుట్టి సైకిలుతోపాటే భద్రపరచాలి.

ఇరుక్కుపోయిన కాటర్ పిన్నును సుత్తితో మోదితే ఇరుసు వంగుతుంది, రంగు రాలుతుంది. రాత్రంతా పల్చని నూనె పట్టించి, క్రాంకు కింద గట్టి గొట్టం ఆసరా పెట్టి, పిన్ను మీద నట్టు మరను కాచుకుంటూ ఒక్క నిటారు దెబ్బ వేయాలి. మన ఊరి సైకిలు షాపుల్లో ఈ పిన్నులు తీయడంలో ఆరితేరిన చేతులు ఇంకా ఉన్నాయి.

టైర్ల విషయంలో ఒక లెక్క. ఆనాటి చాలా సైకిళ్ళకు 27 అంగుళాల రిమ్ములు, అంటే టైరు కూర్చునే వ్యాసం 630 మి.మీ. నేటి 700సి రిమ్ము 622 మి.మీ. చూపుకు ఒకటే అనిపిస్తుంది గాని ఒకదాని టైరు రెండోదానికి పట్టదు. చక్రాలే మారిస్తే బ్రేకు రబ్బర్లు 4 మి.మీ. కిందికి దిగాలి. ఆ బ్రేకు అంత దిగుతుందో లేదో ముందే కొలవాలి.

ఫ్రేము గొట్టం లోపలినుంచి తుప్పు తిని చిల్లు పడితే మాత్రం గొట్టం మార్చి రంగు వేయక తప్పదు. అది తప్పు కాదు. అప్పుడు కూడా మిగిలిన రంగు ముక్కను ఫోటో తీసి, కొలతలు రాసి, ఆ తర్వాతే పని మొదలుపెట్టాలి.

మనకేమిటి?

లైట్ వెయిట్లు మన వీధుల్లో దొరకవు. కానీ ఈ పద్ధతికి సముద్రాలు దాటనవసరం లేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. మా ముందటి తరం వారికి దస్తావేజులు, ఫోటోలు, డైరీలు లేవు. వారి కష్టం ఏదైనా రాసి ఉందంటే అది వస్తువుల మీదే. హెర్క్యులెస్ క్యారియరు మీద బస్తాల తాడు ఒరిపిడి, పాలక్యాను కొక్కెం తగిలి రంగు లేచిన చోటు, పై గొట్టం మీద పిల్లవాణ్ణి కూర్చోబెట్టడానికి చుట్టిన గుడ్డ కింద నేటికీ మెరిసే అసలు ఆకుపచ్చ. పట్నం చదువు వచ్చాక వీటిని చూసి సిగ్గుపడి రంగు కొట్టించే తొందర మనలో కొందరికి ఉంటుంది.

కావున సోదర విద్యార్థులారా! ఈసారి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ సైకిలును పాత ఇనుముకు వేయకముందు, పెయింటరుకు ఇవ్వకముందు ఒక పూట కేటాయించండి. తడిగుడ్డతో తుడవండి. ఫోటో తీయండి. ఏ గీత ఎలా పడిందో పెద్దవారిని అడిగి రాసుకోండి. బాల్సుకు గ్రీసు, చైనుకు నూనె, రంగుకు మైనం పెట్టండి. ఆ తర్వాత ఎక్కి తొక్కండి.