కొత్త వీడియో గేమ్: ముందే కొనాలా, నాలుగు రోజులు ఆగాలా?

ధర్మవరం నుంచి పొద్దుటి రైల్లో వచ్చి, హిందూపురంలో నా ఓపీ గది ముందు కూర్చున్నారు ముగ్గురు. తండ్రికి చిన్న పట్టుచీరల దుకాణం వుంది. కొడుక్కి పదిహేనేళ్ళు. చీటీలో ‘తలనొప్పి’ అని రాసి వుంది.

“తలనొప్పి వీనికి కాదు సార్, మాకు. వీడే మాకు పెద్ద తలనొప్పి అయినాడు. రొండు దినాల్నుంచి సరిగ్గా అన్నం తినకుండా ఉండాడు” అన్నాడు తండ్రి.

సంగతేమిటంటే, ఒక కొత్త వీడియో గేమ్ విడుదల కావటానికి ఇంకా పన్నెండు రోజులుంది. ముందే డబ్బు కట్టి పేరు నమోదు చేయించుకున్న వాళ్ళకి ఆటలోని బొమ్మకి తొడిగే దుస్తులు, ఒక కత్తి బహుమానమట. వెల దాదాపు అయిదు వేలు.

“ఆ ఆట బాగుంటుందని నీకెవరు చెప్పారు నాయనా?” అని అడిగాను.

“ట్రైలర్ చూసినా సార్. ఫ్రెండ్సంతా కట్టేసినారు. రిలీజైన రాత్రే ఆడల్ల.”

ఇది ఇంటి గొడవ, డాక్టరుకేం పని అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని, కళ్ళు పరీక్ష చేయించమని రాసి పంపబోతున్నాను. అంతలో వాళ్ళమ్మ ఒక మాట అంది. “పొద్దున్నే లేస్తానే చేతిలో గ్లాసు ఇడిసేస్తాడు సార్. శానా సార్లు అట్లే. రాత్రంతా ఆ కంప్యూటర్ ముందర కూచుని నిద్దర చాలక అనుకుంటాం.”

నేను కలం కింద పెట్టాను.

గ్లాసు జారిపోతోందా, చెయ్యి ఒక్కసారిగా ఉలిక్కిపడ్డట్టు ఎగిరి పడిపోతోందా? కుర్రవాణ్ణే అడిగితే, చెయ్యి ‘జిల్లుమని ఎగురుతుంది’ అన్నాడు. నిద్ర చాలని మర్నాడు ఎక్కువట. యుక్తవయసులో మొదలయ్యే ఒక రకం మూర్ఛవ్యాధి ఇలాగే బయటపడుతుంది. పొద్దున్నే చేతులు ఎగరటం, పళ్ళు తోముకునే బ్రష్షు ఎగిరిపడటం. ఇంట్లో వాళ్ళు పరధ్యానమనో, పొగరనో అనుకుంటారు. ఎప్పుడో ఒకనాడు నిద్ర లేని రాత్రి తర్వాత పెద్ద ఫిట్ వస్తుంది. ఈ రకం వున్న వాళ్ళలో కొందరికి మిణుకు మిణుకుమనే వెలుతురు కూడా పడదు.

మెదడు విద్యుత్తుతో పనిచేస్తుందని మీకు తెలుసు. కంటి ముందు వెలుగు సెకనుకి మూడు మొదలు ముప్ఫైసార్ల వరకూ వెలిగి ఆరుతుంటే, కొందరి మెదడులో కణాలన్నీ ఆ తాళానికి ఒక్కసారిగా స్పందిస్తాయి. అదే ఫిట్. ముదురు ఎరుపు వెలుగైతే మరీ ప్రమాదం. మూర్ఛ వున్న వాళ్ళందరికీ ఇలా జరగదు, నూటికి ముగ్గురికో అటూ ఇటూగానో జరుగుతుంది. కాని పిల్లల్లో, పదహారు పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళల్లో ఎక్కువ. చిక్కేమిటంటే, చాలామందికి తమకి ఈ లక్షణం వుందన్న సంగతే తెలియదు. 1997 డిసెంబరు 16న జపాన్‌లో టెలివిజన్‌లో పోకెమాన్ కార్టూను చూస్తుండగా, ఎరుపూ నీలమూ సెకనుకి పన్నెండుసార్లు మారిన ఒక దృశ్యం వల్ల దాదాపు 685 మంది పిల్లల్ని ఆసుపత్రులకి తీసుకువెళ్ళవలసి వచ్చింది. వాళ్ళలో చాలామందికి అంతకు ముందెన్నడూ ఫిట్స్ రాలేదు.

ఇక మన ఆట సంగతికి వద్దాం. ముందే కొనాలా, సమీక్షలు వచ్చేదాకా ఆగాలా అన్న ప్రశ్నకి జవాబు కావాలంటే ‘సైబర్‌పంక్ 2077’ కథ ఒక్కటి చాలు.

పోలండ్ కంపెనీ తయారుచేసిన ఆ ఆట 2020 డిసెంబరు 10న విడుదలైంది. అప్పటికే ఎనభై లక్షల మంది చూడకుండానే డబ్బు కట్టేశారు. సమీక్షలు రాసేవాళ్ళకి కంపెనీ ముందుగా కంప్యూటరు మీద ఆడే ప్రతినే ఇచ్చింది. ప్లేస్టేషన్ మీద ఎలా నడుస్తుందో ఎవరికీ తెలియనివ్వలేదు. తీరా విడుదలయ్యాక పాత ప్లేస్టేషన్లలో బొమ్మలు చెదిరిపోవటం, ఆట మధ్యలో ఆగిపోవటం. డిసెంబరు 18న సోనీ కంపెనీ దాన్ని తన దుకాణంలోంచి తీసేసి, కొన్నవాళ్ళకి డబ్బు వాపసిస్తామంది. మళ్ళీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో.

ఇది డబ్బు నష్టం. దీన్ని మించిన సంగతి విడుదలకి మూడు రోజుల ముందు బయటపడింది. అమెరికాలోని ‘గేమ్ ఇన్ఫార్మర్’ పత్రికకి రాసే లియానా రప్పర్ట్ అనే ఆమె సమీక్ష కోసం ఆ ఆట ఆడుతుండగా పెద్ద ఫిట్ వచ్చింది. ఆటలో కథానాయకుడు తలకి ఒక పరికరం తగిలించుకునే ఘట్టం వుంది. అప్పుడు తెలుపూ ఎరుపూ దీపాలు టపటపా కొట్టుకుంటాయి. ఆమె ఏయే చోట్ల జాగ్రత్తగా వుండాలో విడమరిచి పత్రికలో రాసింది. హెచ్చరిక అన్నది అంతకు ముందు ఎవరూ చదవని ఒప్పందపత్రం మధ్యలో దాగి వుంది. ఆమె రాశాక కంపెనీ విడిగా హెచ్చరిక పెడతామంది, డిసెంబరు 11న ఆ వెలుగులని మార్చింది కూడా. ఒక సమీక్ష ఎంత పనిచేసిందో చూడండి!

కర్నూలు వైద్యకళాశాలలో మేము చదువుకునే రోజుల్లో మా ప్రొఫెసరు గారొకరు కొత్త మందు తెచ్చిన కంపెనీ ప్రతినిధిని ఒకే ప్రశ్న వేసేవారు: “ఇంతకు ముందు ఎవరెవరికి ఇచ్చారు, వాళ్ళేమయ్యారు?” కొత్తదంటే ఆయనకి విరోధం లేదు. ముందు వాళ్ళ అనుభవం వినకుండా తన రోగికి ఇవ్వడంతే.

పెనుకొండ నుంచి ఒక తల్లి అడిగారు: “మా వాడికి ఫిట్స్ ఏమీ లేవు. వాడు కూడా ఆగాలా?” ఆగితే మంచిదమ్మా. ఆటలో ఎంత రక్తపాతం వుంది, కొన్నాక మళ్ళీ మళ్ళీ డబ్బు అడుగుతుందా అన్నవి ప్రకటనలో వుండవు, సమీక్షలో వుంటాయి. డబ్బాల మీద వయసు గుర్తు వుంటుంది. పద్దెనిమిది అని వుంటే పన్నెండేళ్ళ వాడికి కొనివ్వకండి. స్టీమ్ అనే దుకాణంలో కొన్న ఆట రెండు గంటల కంటే తక్కువ ఆడి, పద్నాలుగు రోజుల్లోపల అడిగితే డబ్బు తిరిగి ఇస్తారు. అన్నిచోట్లా ఈ సదుపాయం వుండదు. ఇంకో మాట. కొత్త ఆట కావాలని మారాం చేసినంత మాత్రాన పిల్లవాడికి జబ్బు అంటగట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి ‘గేమింగ్ డిజార్డర్’ని జబ్బుల పట్టికలో చేర్చిన మాట నిజమే. అది చదువూ, తిండీ, స్నేహాలూ అన్నీ చెడినా, మామూలుగా ఏడాది పాటు, ఆట మీద అదుపు లేకపోతే అనే మాట.

మామూలు సమీక్షలో వెలుగుల సంగతి వుండకపోవచ్చు. అందుకని ‘మెరుపులు’, ‘ఎపిలెప్సీ’ అన్న మాటలతో ఆ ఆట పేరు కలిపి విడిగా వెతకాలి. వైకల్యం వున్న ఆటగాళ్ళ కోసమే రాసేవాళ్ళు కూడా వున్నారు. ఆడేటప్పుడు గదిలో దీపం వెలుగుతూ వుండాలి, తెరకి దూరంగా కూర్చోవాలి. కళ్ళు బైర్లు కమ్మినా, చెయ్యి ఎగిరినా, వెంటనే ఒక కన్ను అరచేత్తో మూసి, తెర నుంచి మొహం తిప్పేసుకోవాలి. రెండు కళ్ళూ మూస్తే చాలదు. రెప్పల మీది నుంచి కూడా వెలుగు లోపలికి పోతుంది.

నిజంగా ఫిట్ వస్తే చేతిలో తాళంచెవులు పెట్టకండి, నోట్లో చెంచా దూర్చకండి, నీళ్ళు పొయ్యకండి. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టి గడియారం చూడండి. అయిదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యండి.

ధర్మవరం అబ్బాయికి అనంతపురంలో ఇ.ఇ.జి. తీయించాం. దీపం మిణుకుమనిపించినప్పుడు గీతలు చెదిరాయి. మందు మొదలుపెట్టాం. వేళకి నిద్రపోవటం మందుతో సమానమని, తనంతట తాను మందు మానకూడదని చెప్పాను. “ఆట కొనద్దంటారా సార్?” అన్నాడు తండ్రి ఆశగా. కొనద్దని నేను అనలేదు. నెల్లాళ్ళు ఆగి, చదివి, నాకు చెప్పమన్నాను, తండ్రికి కాదు, కుర్రవాడికే.

నెల తర్వాత మందు చీటీ కోసం వచ్చినప్పుడు నోటుపుస్తకంలోంచి ఒక కాగితం తీశాడు. అయిదుగురు రాసిన సమీక్షల్లోంచి తానే ఎత్తి రాసుకున్నాడు. నాలుగో అధ్యాయంలో మెరుపుల సొరంగం వుందట, దాన్ని తగ్గించే మీట కూడా వుందట. గ్లాసు జారటం ఆగిందని వాళ్ళమ్మ చెప్పింది.

“మరి కొంటావా?” అన్నాను.

“కట్టేసిన ఫ్రెండ్సే మానేసినారు సార్, కథ బాలేదంట. పండక్కి రేటు సగం తగ్గుతుంది, అప్పుడు చూస్తా.”