చిన్న కాలేజీ హాకీకి డబ్బు ముప్పు: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో కాలేజీలే తమ ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇచ్చుకోవచ్చనే ఒప్పందాన్ని 2025 జూన్ 6న ఫెడరల్ జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. గ్రాంట్ హౌస్ అనే ఈతగాడి పేరు మీద నడిచిన దావా కాబట్టి అందరూ దీన్ని హౌస్ ఒప్పందం అంటున్నారు. జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి చర్చంతా ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ చుట్టూనే. మంచు మీద స్కేట్లతో ఆడే హాకీ మాటెత్తితే మాత్రం చాలామంది ఒకటే తేల్చేస్తున్నారు: చిన్న కాలేజీల పని అయిపోయిందని.

అలా తేల్చేయడం తొందరపాటని నా అభిప్రాయం. ఐస్ హాకీకి ఉన్న ప్రత్యేకతను అది లెక్కలోకి తీసుకోదు. మిషిగన్ ఉత్తరపు కొసన సూ సెంట్ మరీ అనే ఊరుంది. జనాభా సుమారు 13 వేలు. అక్కడి లేక్ సుపీరియర్ స్టేట్ యూనివర్సిటీ 1988, 1992, 1994లో మూడుసార్లు జాతీయ చాంపియన్. మిగతా ఆటలన్నీ రెండో అంచె అయిన డివిజన్ 2లో ఆడుతూ హాకీ ఒక్కటే పై అంచె డివిజన్ 1లో ఆడే కాలేజీ అది. ఇలాంటివి ఇంకా ఉన్నాయి: మిషిగన్ టెక్, బెమిజీ స్టేట్, ఫెర్రిస్ స్టేట్. క్లార్క్‌సన్, సెయింట్ లారెన్స్, యూనియన్ లాంటివైతే మిగతా ఆటల్లో డివిజన్ 3. వీటికి ఫుట్‌బాల్ టీవీ హక్కుల సొమ్ము రాదు. ఊరికీ కాలేజీకీ హాకీయే పెద్ద పండుగ.

అపోహ: ఇకపై ప్రతి కాలేజీ ఆటగాళ్లకు జీతం ఇచ్చి తీరాలి.

వాస్తవం: అలాంటి నిర్బంధం లేదు. 2025-26కు చెప్పిన సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు ఒక కాలేజీ తన క్రీడలన్నిటికీ కలిపి ఇవ్వగల గరిష్ఠ మొత్తం. అంతకన్నా తక్కువ ఇవ్వొచ్చు, అసలు ఇవ్వకపోనూవచ్చు. పెద్ద లీగుల బయట ఉన్న కాలేజీలకు ఒప్పందంలో చేరడమా మానడమా అన్నది వాటి ఇష్టం. హాకీ ఆడే హార్వర్డ్, యేల్, కార్నెల్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు చేరబోమని చెప్పేశాయి. అవి ఆట కోసం స్కాలర్‌షిప్ కూడా ఇవ్వవు.

అపోహ: హాకీ కుర్రాళ్లందరూ లక్షలు సంపాదిస్తున్నారు.

వాస్తవం: ఈ నమ్మకానికి మూలం ఒకే ఒక్క పేరు, గావిన్ మెకెన్నా. 2025 వేసవిలో ఈ కెనడా కుర్రాడు పెన్ స్టేట్‌ను ఎంచుకున్నప్పుడు దాదాపు 7 లక్షల డాలర్ల మాట పత్రికల్లో వచ్చింది. టెరీ పెగులా అనే దాత 2010లో 8 కోట్ల 80 లక్షల డాలర్లు ప్రకటిస్తే డివిజన్ 1 జట్టునూ కొత్త మంచు మైదానాన్నీ సమకూర్చుకున్న కాలేజీ అది. దాన్ని కొలతగా పెట్టుకుని బెమిజీని చూడటం అన్యాయం.

చిన్న కాలేజీలో అసలు మార్పు స్కాలర్‌షిప్‌లో కనిపిస్తుంది. పాత నిబంధన ప్రకారం జట్టుకు 18 పూర్తి స్కాలర్‌షిప్‌లే. వాటినే జట్టంతటికీ సర్దేవారు, కొందరికి సగం, కొందరికి పావు. ఒప్పందంలో చేరిన కాలేజీకి ఆ పరిమితి పోయింది. జట్టులో 26 మందికి మించకూడదు, కావాలంటే 26 మందికీ పూర్తిగా ఇవ్వొచ్చు. చేరని కాలేజీకి పాత 18 పరిమితే వర్తిస్తుంది. ఏడాది ఖర్చు 80 వేల డాలర్లు దాటే ప్రైవేటు కాలేజీలో ఆ అదనపు ఎనిమిదింటి విలువ 6 లక్షల 40 వేల డాలర్ల పైనే. కానీ అదంతా ఖజానాలోంచి తీసే నగదు కాదు, చాలావరకు వసూలు చేయకుండా వదులుకునే ఫీజు. సీట్లు మిగిలిపోతున్న కాలేజీకి నగదు ఇవ్వడంకన్నా ఇదే తేలిక. ఒక కుటుంబానికి నాలుగేళ్ల చదువు అప్పులేకుండా పూర్తి కావడం చిన్న విషయమూ కాదు.

అపోహ: కెనడా కుర్రాళ్లు కూడా అమెరికా కుర్రాళ్లలాగే డబ్బు పుచ్చుకోవచ్చు.

వాస్తవం: అది అంత తేలిక కాదు. అమెరికాలో చదువుతున్న తెలుగు పిల్లలకు విదేశీ విద్యార్థుల నిబంధనల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. కెనడా పౌరులకు వీసా ముద్ర అవసరం లేకపోయినా, చదివేది ఎఫ్-1 అనే విదేశీ విద్యార్థి హోదాలోనే. చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు మించకుండా పని చేయొచ్చు; బయట అనుమతి లేని ఉద్యోగం నిషిద్ధం. మన పిల్లలను కట్టేసే ఈ నిబంధనే ఊళ్లో కార్ల షోరూమ్ ప్రకటనలో నటించమంటే కెనడా గోల్‌కీపర్ చేతులు కట్టేస్తుంది. కొందరు సెలవుల్లో కెనడాకు వెళ్లి అక్కడ పని ముగించుకొస్తున్నారు. కాలేజీ నేరుగా ఇచ్చే డబ్బు ఉద్యోగపు సంపాదన కిందికి వస్తుందా రాదా అన్నదానిపై ఒప్పందం ఆమోదం పొందేనాటికి స్పష్టమైన నిబంధన లేదు. చిన్న జట్లలో కెనడా కుర్రాళ్లు ఎక్కువ. కాబట్టి వాళ్లకు స్కాలర్‌షిప్‌కే విలువ హెచ్చు.

అపోహ: ఆటగాళ్లకు డబ్బివ్వడం మొదలయ్యాకే చిన్న జట్లు మూతపడుతున్నాయి.

వాస్తవం: తేదీలు చూస్తే చాలు. ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవడానికి అనుమతి వచ్చింది 2021 జులై 1న. అలాస్కా యాంకరేజ్ జట్టును ఎత్తేయాలని నిర్ణయించింది 2020లో, రాష్ట్ర బడ్జెట్ కోతల దెబ్బకి. ఊరి జనం, పాత ఆటగాళ్లు కలిసి 30 లక్షల డాలర్లు పోగుచేసి 2022-23లో దాన్ని మళ్లీ మంచు మీదికి తెచ్చారు. పిట్స్‌బర్గ్ పక్కనున్న రాబర్ట్ మోరిస్ 2021 మేలో పురుషుల, మహిళల జట్లు రెంటినీ రద్దు చేసింది. విరాళాల పుణ్యమా అని 2023-24లో రెండూ తిరిగొచ్చాయి.

అలబామా హంట్స్‌విల్ కథ అన్నిటికన్నా బాధాకరం. 2020 మేలో రద్దన్నారు. కొద్దిరోజుల్లోనే అభిమానులు, దాతలు దాదాపు ఏడున్నర లక్షల డాలర్లు సమకూర్చి కాపాడుకున్నారు. కానీ అప్పటికే వాళ్ల లీగులోని ఏడు కాలేజీలు విడిపోయి సొంత లీగు పెట్టుకునే దారిలో ఉన్నాయి. దూరాభారమైన హంట్స్‌విల్‌ను చేర్చుకునే లీగు దొరకలేదు. ఏడాది తిరిగేసరికి 2021 మేలో జట్టు ఆగిపోయింది. అక్కడ ఆటగాళ్లకు ఇచ్చిన డబ్బెంత? సున్నా. విమానం ఖర్చు, మంచు గడ్డకట్టించే యంత్రాల కరెంటు, సరైన లీగు లేకపోవడం: చిన్న జట్లను చంపేవి ఇవి. 2019 జాతీయ టోర్నీలో అగ్రస్థానంలో ఉన్న సెయింట్ క్లౌడ్ స్టేట్‌ను 2-1తో ఓడించిన అమెరికన్ ఇంటర్నేషనల్ కాలేజీ కూడా 2025-26 నుంచి డివిజన్ 2కు దిగిపోయింది. ఆ నిర్ణయం ప్రకటించింది 2024 నవంబరులో, హౌస్ ఒప్పందం ఆమోదానికి ముందే.

అపోహ: మంచి ఆటగాళ్లంతా పెద్ద కాలేజీలకే పోతారు, చిన్నవాటికి ఎవరూ మిగలరు.

వాస్తవం: ఇందులో సగం నిజముంది. కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్లను 2025 ఆగస్టు 1 ముందు వరకూ ప్రొఫెషనల్స్‌గా లెక్కగట్టి అమెరికా కాలేజీ హాకీలోకి రానిచ్చేవారు కాదు. దాదాపు 60 జట్ల ఆటగాళ్లకు ఇప్పుడు తలుపు తెరుచుకుంది. పేరుమోసిన పద్దెనిమిదేళ్లవాళ్లు పెన్ స్టేట్ వైపు చూడొచ్చు. కానీ ఇరవయ్యో ఏడు నిండి జూనియర్ లీగుల వయసు దాటిపోయిన వందలమందికి పెద్ద జట్లలో చోటు చాలదు. వాళ్లను తెచ్చుకోవడమే చిన్న కోచ్‌ల ఉపాయం. పద్దెనిమిదేళ్ల ప్రతిభకు ఎదురుగా ఇరవై రెండేళ్ల కండబలం, అనుభవం నిలబడటం ఈ ఆటలో కొత్త కాదు.

2013లో యేల్, 2014లో యూనియన్, 2023లో క్విన్నిపియాక్, 2025లో వెస్ట్రన్ మిషిగన్ చాంపియన్లయ్యాయి. రెండు వేల పైచిలుకు విద్యార్థులున్న యూనియన్ ఫైనల్లో మిన్నెసొటాను 7-4తో ఓడించినప్పుడు, దాని జట్టులో ఆట కోసం స్కాలర్‌షిప్ పొందినవాడు ఒక్కడూ లేడు.

అయితే ఆ విజయాలన్నీ హౌస్ ఒప్పందానికి ముందువి. ఆనాటి యూనియన్ డిఫెన్స్‌లో షేన్ గోస్టిస్‌బెహెర్ ఉన్నాడు, తర్వాత ప్రొఫెషనల్ హాకీ లీగైన ఎన్‌హెచ్‌ఎల్‌కు వెళ్లాడు. అప్పట్లో కాలేజీ మారితే ఒక ఏడాది ఆట మానుకోవాలి. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారొచ్చు, ఆట ఆగదు. గోస్టిస్‌బెహెర్ లాంటివాడు ఇవాళ రెండో ఏడు మెరిస్తే వసంతం రాగానే పెద్ద కాలేజీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. చిన్న జట్టుకు నిజమైన దెబ్బ అక్కడే తగులుతుంది. ఊరి వ్యాపారులు, పాత విద్యార్థులు పోగుచేసే కాస్త సొమ్మును కొత్త కుర్రాడిని ఆకర్షించడానికి ఖర్చు చేయడం నాకు సబబుగా తోచదు. ఈ జట్టులోనే ఎదిగి, మూడో ఏడు కూడా ఇక్కడే ఆడదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాడికి అది ముందు అందాలి.